ప్రివ్యూ మధ్యలోనే ఎందుకు ఆగిపోతుంది? ఫ్రేములు, ర్యామ్, రంగు గీతల లెక్క

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు ఫొటో స్టూడియోల్లో ఒకప్పుడు మిక్సింగ్ అంటే పెళ్లి వీడియో కట్ చేసి, పైన నాలుగు పాటలు వేసి ఇవ్వడమే. ఇప్పుడు అదే సిస్టమ్ ముందు కూర్చున్నవాళ్లు శుభలేఖను వాట్సాప్ వీడియోగా చేయాలి. రిసెప్షన్ స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ మీద వధూవరుల పేర్లు మెరిపించాలి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరే ఊరి ప్రభకు ముప్పై సెకన్ల రీల్ చేసిపెట్టాలి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి కాబట్టి ఈ పని ఇంకా పెరిగేలానే ఉంది. అందుకే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి మోషన్ గ్రాఫిక్స్ (అక్షరాల్నీ బొమ్మల్నీ కదిలించే) సాఫ్ట్‌వేర్ నేర్చుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ వైపు చాలామందే కనిపిస్తున్నారు.

వాళ్లకు మొదట్లోనే ఒక చిక్కు వచ్చిపడుతుంది. ఇరవై సెకన్ల టైటిల్ చేస్తారు. ఎక్స్‌పోర్ట్ చేయకముందే ఎలా వచ్చిందో చూసుకోవడాన్ని ప్రివ్యూ అంటారు. దానికోసం స్పేస్‌బార్ నొక్కితే ఆరేడు సెకన్లు ఆడి మళ్లీ మొదటికి వెళ్లిపోతుంది. లేదంటే మొత్తం ఆడుతుంది కానీ నత్తనడక. ఇంకొకరికి బొమ్మ కదులుతుంది, పాట వినబడదు. ట్రయల్ వెర్షన్ కాబట్టి ఇలా ఉందని ఒకరంటారు, గ్రాఫిక్స్ కార్డ్ మార్చమని ఇంకొకరంటారు. రేపు ముహూర్తం పెట్టుకుని ఈ రాత్రికి వీడియో ఇవ్వాల్సినవాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇందులో మూడు వేర్వేరు సంగతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే తప్ప విషయం అర్థం కాదు.

ఉన్న వీడియో ఆడటం వేరు, లేని ఫ్రేమును తయారుచేయడం వేరు

వీడియో అంటే వరసగా కనబడే బొమ్మలు. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటాం. మన దేశంలో టీవీ లెక్క సెకనుకు 25 ఫ్రేములు, పెళ్లి వీడియోలు కూడా ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సెకనులో 25వ వంతు, 40 మిల్లీసెకన్లు. ఆ లోపల తర్వాతి ఫ్రేము సిద్ధంగా లేకపోతే కదలికలో తడబాటు కంటికి తెలుస్తుంది.

ఎడియస్, ప్రీమియర్ ప్రో లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు కటింగ్ చేసేటప్పుడు ఫ్రేము కెమెరా ఫైల్‌లో ముందే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని విప్పి చూపిస్తే చాలు. అందుకే ఎడిటింగ్ నుంచి మోషన్ గ్రాఫిక్స్‌కి వచ్చినవాళ్లకు మొదట్లో మింగుడుపడదు. అక్కడ స్పేస్ నొక్కగానే ఆడేది, ఇక్కడ ఎందుకు ఆడదని అడుగుతారు. ఇక్కడ ఫ్రేము అసలు లేదు. వెనక పూల ఫొటో, దాని మీద రాలుతున్న గులాబీ రేకులు, బంగారు రంగు అక్షరాలు, అక్షరాల మీద మెరుపు, కింద నీడ, వీటన్నిటినీ ఆ క్షణానికి ఎక్కడెక్కడ ఉండాలో లెక్కగట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, కలిపితే ఒక ఫ్రేము పుడుతుంది. ఈ పనినే రెండరింగ్ అంటారు. ఒక్కో ఫ్రేముకు అర సెకను పట్టినా ఆశ్చర్యం లేదు, మనకున్న గడువేమో 40 మిల్లీసెకన్లు.

పెళ్లి భోజనాలు తలుచుకుంటే ఇది చటుక్కున తెలుస్తుంది. బంతిలో కూర్చున్నవాళ్లకు పూర్ణం బూరెలు ఒక్కొక్కటి వేయించి తెచ్చి వడ్డిస్తే విస్తరి ముందు కూర్చోబెట్టి ఆపినట్టే. అందుకని వంటవాళ్లు ముందే వేయించి బేసిన్లలో నింపుతారు, తర్వాత వడ్డన చకచకా సాగిపోతుంది. మోషన్ గ్రాఫిక్స్ ప్రివ్యూ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ ముందు ఫ్రేములు తయారుచేసి ర్యామ్‌లో, అంటే సిస్టమ్ పని చేస్తుండగా వాడుకునే తాత్కాలిక మెమరీలో పెట్టుకుంటుంది, అవి సిద్ధమయ్యాక అసలు వేగంతో ఆడిస్తుంది. అలా పోగేసి పెట్టుకోవడాన్ని కాష్ అంటారు. దీన్నిబట్టి వేయించే వేగం ఒక సంగతి, బేసిన్ పెద్దదా చిన్నదా అన్నది వేరే సంగతి అని తేలుతోంది కదా. కొత్తవాళ్లు ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

ఒక్క ఫ్రేము ఎంత చోటు తింటుంది

ముందు బేసిన్ లెక్క చూద్దాం. ఇది కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ఫుల్ హెచ్‌డీ ఫ్రేము 1920×1080, అంటే 20,73,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు నాలుగు అంకెలు దాచాలి. ఎరుపు, పచ్చ, నీలం రంగులకు మూడు, పారదర్శకత ఎంతో చెప్పడానికి నాలుగోది. దీన్ని ఆల్ఫా అంటారు. 8 బిట్ ప్రాజెక్టులో ఒక్కో అంకెకు ఒక బైట్. అంటే పిక్సెల్‌కు 4 బైట్లు, ఫ్రేముకు 82,94,400 బైట్లు. సుమారు 8.3 ఎంబీ.

ఇక్కడ చాలామంది ఆగి అడుగుతారు. ఫోన్‌లో నిమిషం వీడియో మొత్తం కలిపినా మామూలుగా వంద ఎంబీకి అటూఇటూగానే ఉంటుంది కదా, ఒక్క ఫ్రేముకు 8 ఎంబీ ఏమిటని. ఫోన్‌లో ఉన్నది కుదించిన వీడియో. పక్కపక్క ఫ్రేముల్లో మారనిదాన్ని మళ్లీ రాయకుండా, కంటికి ఆననిదాన్ని వదిలేసి ఫైల్‌ను చిన్నది చేస్తారు. మోషన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ర్యామ్‌లో పెట్టుకునేది కుదించని పూర్తి ఫ్రేము. దాని మీద ఇంకో ఎఫెక్ట్ వేయాల్సి రావచ్చు కాబట్టి నాణ్యత ఎక్కడా పోకూడదు, విప్పడానికి సమయమూ పట్టకూడదు. చోటు ఎక్కువ తిన్నా పరవాలేదు, చేతికి వెంటనే అందాలి అన్నది ఆ ఏర్పాటు.

సెకనుకు 25 ఫ్రేముల చొప్పున సెకనుకు సుమారు 207 ఎంబీ. మీ సిస్టమ్‌లో 16 జీబీ ర్యామ్ ఉందనుకోండి. విండోస్, పక్కన తెరిచిన క్రోమ్, సాఫ్ట్‌వేర్ సొంత అవసరాలు పోగా 8 జీబీ ఫ్రేములకు మిగిలిందనుకుందాం. 8,000ను 207తో భాగిస్తే 38 సెకన్లు వస్తాయి. అదీ ఆ బేసిన్ కొలత.

ఇప్పుడు ఒక్కో అంకె మార్చి చూడండి. అదే ప్రాజెక్టును 16 బిట్‌కు మార్చితే ప్రతి అంకెకు రెండు బైట్లు, ప్రివ్యూ 19 సెకన్లకు దిగుతుంది. 32 బిట్‌కు మార్చితే తొమ్మిదిన్నర సెకన్లే. 8 బిట్‌లోనే ఉంచి ఫ్రేమును 4కె చేస్తే, అంటే 3840×2160, పిక్సెళ్లు నాలుగింతలవుతాయి కాబట్టి మళ్లీ తొమ్మిదిన్నర సెకన్లే. 4కె, 32 బిట్ రెండూ కలిపితే ఒక్కో ఫ్రేము 132 ఎంబీ పైచిలుకు, ప్రివ్యూ రెండున్నర సెకన్లు కూడా రాదు. సిస్టమ్ అదే, ర్యామ్ అదే, చెడిపోయినదీ ఏమీ లేదు.

అసలులో ఇంతకన్నా తక్కువే వస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ చివరి ఫ్రేమునే కాదు, లోపలి ప్రీకాంప్‌ల (కొన్ని లేయర్లను, అంటే పొరలను కలిపి ఒక మూటగా కట్టినవి) ఫ్రేముల్ని, కొన్ని లేయర్ల మధ్యంతర ఫలితాల్ని కూడా కాష్‌లో ఉంచుకుంటుంది. అందుకే పైన వచ్చిన సెకన్లను గరిష్ఠంగానే తీసుకోవాలి.

నెట్‌లో దొరికే రెడీమేడ్ టైటిల్ ప్రాజెక్టులతో వచ్చే తంటా చాలాసార్లు ఇదే. వాటిని తయారుచేసినవాళ్లు ఏ పెద్ద సిస్టమ్ మీదో 4కె, 16 బిట్‌లో చేసి ఉంటారు. మనం పేర్లు మార్చుకుందామని తెరుస్తాం. ప్రాజెక్ట్ ప్యానెల్ అడుగున బిట్ల సంఖ్య రాసి ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ.

అలాగని 16 బిట్ దండగ కాదు. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. సూర్యాస్తమయం వేళ గోదావరి మీది ఆకాశంలా నారింజ నుంచి ఊదా రంగులోకి మెల్లగా మారే బ్యాక్‌గ్రౌండ్ పెడితే, ఆ మెట్లు చారలు చారలుగా బయటపడతాయి. గ్లో, అంటే వెలుగు చిమ్మే ఎఫెక్ట్ ఎక్కువగా వాడినా అంతే. ఇలాంటి చోట 16 బిట్ నిజంగా పనికొస్తుంది. సాదా రంగు మీద అక్షరాలు ఆడించే పనికి మాత్రం 8 బిట్ సరిపోతుంది.

పొట్టి ప్రివ్యూకు ఒక కారణం, నెమ్మది ప్రివ్యూకు ఇంకొకటి

ఇప్పుడు ముడి విప్పవచ్చు. ప్రివ్యూ చక్కగా, అసలు వేగంతో ఆడి, సగంలో మొదటికి వస్తే అది చోటు సమస్య. ర్యామ్ చాలలేదు, లేదా ఫ్రేము మరీ పెద్దది. ప్రివ్యూ మొత్తం కనబడుతూ ఈడ్చుకుంటూ నడిస్తే అది పని సమస్య. ఒక్కో ఫ్రేము తయారవడానికి ఎక్కువసేపు పడుతోంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇన్ఫో ప్యానెల్ తెరిచి ఉంచితే ప్రివ్యూ సెకనుకు ఎన్ని ఫ్రేముల చొప్పున నడుస్తోందో, అసలు వేగం అందిందో లేదో కనిపిస్తుంది.

పొట్టి ప్రివ్యూకు ఇంకో మామూలు కారణం కూడా ఉంది, ర్యామ్‌కు దీనితో సంబంధమే లేదు. టైమ్‌లైన్ పైన వర్క్ ఏరియా అని ఒక పట్టీ ఉంటుంది. ప్రివ్యూ సాధారణంగా దాని హద్దుల్లోనే తిరుగుతుంది. కీబోర్డులో బి నొక్కితే దాని మొదలు, ఎన్ నొక్కితే దాని చివర అప్పుడు కర్సర్ ఉన్న చోటికి జరుగుతాయి. టైప్ చేద్దామని అక్షరాలు నొక్కబోతే టెక్స్ట్ టూల్ ఆన్‌లో లేక ఎన్ పడిందంటే, ప్రివ్యూ అక్కడికే ఆగిపోతుంది. ర్యామ్ కొనడానికి రాజమండ్రి బస్సెక్కే ముందు ఆ పట్టీ వైపు ఒకసారి చూడటం మేలు.

నెమ్మదికి కారణాలు వేరే. మోషన్ బ్లర్ ఆన్ చేస్తే ఒకే ఫ్రేములో వస్తువును అనేక చోట్ల లెక్కగట్టి కలపాలి. కెమెరాకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్ పెడితే దూరాన్నిబట్టి మసక చేయాలి. రాలే రేకుల్లాంటి పార్టికల్ ఎఫెక్టుల్లో 200వ ఫ్రేములో రేకు ఎక్కడుండాలో తెలియాలంటే అంతకు ముందు ఫ్రేముల్లో అది ఎలా కదిలిందో లెక్కవేయాల్సి రావచ్చు. అందుకే టైమ్‌లైన్ మధ్యకు దూకగానే సిస్టమ్ కాసేపు నిలబడిపోతుంది. కెమెరా నుంచో డ్రోన్ నుంచో వచ్చిన హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి) క్లిప్పులు పెడితే వాటిని విప్పే భారం అదనం. ఆ పద్ధతిలో ఒక ఫ్రేము కావాలంటే దాని ముందూ వెనకా ఉన్నవాటిని కూడా చదవాలి.

ఒక లెక్క. ఫ్రేముకు 0.4 సెకను పట్టే టైటిల్, పది సెకన్ల నిడివి. 250 ఫ్రేములు, 100 సెకన్లు. ఆ టైటిల్‌ను మొదటిసారి అసలు వేగంతో చూడాలంటే నిమిషం నలభై సెకన్లు ఆగాల్సిందే. ర్యామ్‌ను 16 నుంచి 64 జీబీ చేసినా ఆ వంద సెకన్లు దాదాపు అలాగే ఉంటాయి, ఎందుకంటే అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ చేసే పని. 2021లో వచ్చిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 2022 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్లు వేర్వేరు ఫ్రేములను ఒకేసారి తయారుచేసే ఏర్పాటు వచ్చింది, ఆ పని ఇప్పుడు కొంత తేలికైంది. మనం చేయి తీసి ఖాళీగా ఉన్నప్పుడు తనంతట తానే ఫ్రేములు నింపుకునే సదుపాయం కూడా అప్పుడే వచ్చింది.

ల్యాప్‌టాప్‌ల మీద పనిచేసేవాళ్లకు మరో మాట. మే నెలలో కోనసీమ ఉక్కపోతలో, ఫ్యాన్ గాలి కూడా వేడిగా వచ్చే గదిలో, ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపినా చాలా మోడళ్లలో వేగం పడిపోతుంది. పొద్దున బాగా ఆడిన ప్రాజెక్టు మధ్యాహ్నం కరెంటు పోయాక ఈడ్చుకుంటే సాఫ్ట్‌వేర్‌ను అనుమానించనక్కర్లేదు.

పాట వినబడకపోవడం మూడో సంగతి. అసలు వేగం అందనప్పుడు శబ్దాన్ని ముక్కలుగా వినిపించే బదులు పూర్తిగా ఆపేసే సెట్టింగ్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రిఫరెన్సుల్లో ఉంది. అది ఆన్‌లో ఉంటే ఫ్రేములు నిండేదాకా మౌనమే. నిండాక పాట దానంతటదే వస్తుంది. ప్రివ్యూ ప్యానెల్‌లో, ముందు కాష్ నింపి తర్వాతే ఆడించమనే టిక్ ఒకటి ఉంటుంది. తాళానికి అక్షరాలు కలపాల్సిన పనిలో అది ఆన్ చేసుకోవడమే నయం.

ఒకే పచ్చ గీత, రెండు సాఫ్ట్‌వేర్‌లలో రెండు అర్థాలు

టైమ్‌లైన్ పైన సన్నటి రంగు గీతలు కనిపిస్తాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో పచ్చ గీత ఉన్నంత మేర ఫ్రేములు ర్యామ్‌లో సిద్ధంగా ఉన్నాయని. నీలం గీత ఉన్నచోట ఫ్రేములు డిస్క్ మీద దాచి ఉన్నాయని. ప్రీమియర్ ప్రోలో పచ్చ అంటే అది కాదు. అక్కడ రెండర్ చేసిన ప్రివ్యూ ఫైల్ డిస్క్ మీద ఉందని పచ్చ, రెండర్ లేకపోయినా బహుశా సాఫీగానే ఆడుతుందని పసుపు, ఆడకపోవచ్చని ఎరుపు. డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ టైమ్‌లైన్ మీద రెండర్ కాష్ తయారైతే ఎరుపు గీత నీలమవుతుంది. అదే రిజాల్వ్‌లో మోషన్ గ్రాఫిక్స్ చేసే ఫ్యూజన్ పేజీకి వెళ్తే మళ్లీ పచ్చ, ర్యామ్‌లో ఉన్న ఫ్రేములకు గుర్తు. రెండు మూడు సాఫ్ట్‌వేర్‌ల మధ్య తిరిగేవాళ్లు తికమకపడటంలో వాళ్ల తప్పేమీ లేదు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోని పచ్చ గీత అప్పుడప్పుడు మాయమవుతుంది కూడా. బ్యాక్‌గ్రౌండ్ రంగు కొద్దిగా మార్చగానే మొత్తం చెరిగిపోతుంది. ఆ లేయర్ మొదటి నుంచి చివరిదాకా ఉంది కాబట్టి ప్రతి ఫ్రేమూ మారింది, పాతవి ఇక పనికిరావు. మూడు సెకన్లే ఉండే లేయర్‌ను మార్చితే ఆ మూడు సెకన్ల మేరే చెరుగుతుంది. మార్పు వద్దనుకుని అన్‌డూ కొడితే పచ్చ గీత తిరిగొస్తుంది. 2012లో వచ్చిన సీఎస్6 వెర్షన్ నుంచి పాత ఫ్రేములను పారేయకుండా ఉంచుకునే పద్ధతి ఉండటం వల్లే ఇది కుదురుతోంది.

డిస్క్ నుంచే ఆడించే పద్ధతి వచ్చాక ఏం మారింది

2025లో వచ్చిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 25.2 వెర్షన్ ఈ చర్చలో పెద్ద మలుపు. అంతకు ముందు నీలం గీత ఉన్న ఫ్రేములు కూడా ర్యామ్‌లోకి చేరితేనే అసలు వేగంతో ఆడేవి. ర్యామ్ ఎంతో ప్రివ్యూ అంతే. కొత్త పద్ధతిలో ర్యామ్‌తోపాటు వేగమైన డిస్క్‌ను కూడా ప్లేబ్యాక్‌కు వాడుకుంటుంది. ర్యామ్ నిండినా ప్రివ్యూ ముందుకు సాగుతుంది. పాత వీడియో పాఠాల్లో చెప్పే "ర్యామ్ అయిపోతే ప్రివ్యూ అక్కడికే" అన్న మాట కొత్త వెర్షన్లకు అచ్చంగా వర్తించదు. పాఠం ఎప్పటిదో చూసుకోవాలి.

కానీ ఇక్కడ డిస్క్ వేగం అడ్డం పడుతుంది. కుదించని లెక్కన ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 207 ఎంబీ కావాలన్నాం. పాత తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు వంద, నూటయాభై ఎంబీ దగ్గర ఆయాసపడుతుంది. సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) 500 దాకా ఇస్తుంది, హెచ్‌డీకి చాలు. 4కె అయితే సెకనుకు 829 ఎంబీ, దానికి ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ లేనిదే కుదరదు. యూఎస్‌బీకి తగిలించిన పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద కాష్ ఫోల్డర్ పెట్టుకుని కొత్త వెర్షన్ వల్ల లాభం లేదనడం సరికాదు.

అన్ని సాఫ్ట్‌వేర్‌లూ ఒకే దారిలో నడవవు. యాపిల్ మోషన్ లాంటివి గ్రాఫిక్స్ కార్డ్ మీద భారం వేసి వీలైనంత వరకు అప్పటికప్పుడే ఆడించడానికి చూస్తాయి. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఆ ఎంపికను మనకే వదిలేస్తుంది. ప్రతి ఫ్రేమూ చూపిస్తూ అవసరమైతే నెమ్మదిగా నడవడం ఒకటి, కొన్ని ఫ్రేములు ఎగరగొట్టి కాలానికి తగ్గట్టు నడవడం ఇంకొకటి. అప్పటికప్పుడు ఆడించే పద్ధతిని ఇష్టపడేవాళ్లు, పని ఊపు తెగదని చెబుతారు. ముందు ఫ్రేములు తయారుచేసే పద్ధతిని సమర్థించేవాళ్లు, తెర మీద చూసినదే ఫైనల్‌లో వస్తుందన్న భరోసా ముఖ్యమంటారు. రెండు మాటల్లోనూ బలం ఉంది. అక్షరాలు ఎగిరొచ్చి ఆగే సాదా పనికి మొదటిది హాయి. పొరల మీద పొరలు, మెరుపుల మీద మెరుపులు ఉన్న పనికి రెండోది తప్పించుకోలేనిది.

ఎల్‌ఈడీ వాల్ చెప్పే లెక్క

కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే అని నా అభిప్రాయం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కల్యాణ మండపంలో పెద్ద ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నారనగానే, తెర పెద్దది కాబట్టి వీడియో 4కెలో చేయాలనుకుంటారు. తెర పెద్దదే, కానీ పిక్సెళ్లు ఎన్ని? అద్దెకు తిప్పే వాల్స్‌లో పీ3.91 అనే రకం ఉంటుంది. 3.91 అంటే ఒక చుక్కకు ఇంకో చుక్కకు మధ్య మిల్లీమీటర్లలో దూరం. అందులో అర మీటరు పలక ఒక్కోదానిలో అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు. స్టేజీ వెనక అడ్డంగా ఎనిమిది పలకలు, నిలువుగా ఐదు పేర్చారనుకోండి. నాలుగు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. చూడ్డానికి గోడంత. దాని అసలు కొలత మాత్రం 1024×640 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీలో మూడో వంతు కూడా లేదు.

ఆ కొలతతో చేస్తే ఫ్రేము 2.6 ఎంబీ. మన 8 జీబీ బేసిన్‌లో రెండు నిమిషాల పైనే పడుతుంది. 4కెలో చేస్తే తొమ్మిదిన్నర సెకన్లు. పన్నెండున్నర రెట్లు ఎక్కువ పిక్సెళ్లు తయారుచేసి, చివర్లో వాల్ ప్రాసెసర్ వాటిని కుదించి చూపిస్తే, మనం పడ్డ శ్రమలో చాలాభాగం ఎవరికీ కనబడదు. పైగా వాల్ ఆకారం 16:9 కాకపోతే పేర్ల అంచులు తెగిపోవడమో, బొమ్మ సాగిపోవడమో జరుగుతుంది. వాల్ వేసేవాళ్లకు ఫోన్ చేసి ఏ పీ, ఎన్ని పలకలు, అడ్డం ఎన్ని నిలువు ఎన్ని అని అడిగితే ప్రివ్యూ సమస్య సగం అక్కడే తీరిపోతుంది.

4కె అడగడానికి సరైన కారణాలూ ఉన్నాయి. అదే డిజైన్‌ను తర్వాత యూట్యూబ్‌లో పెట్టాలనుకోవచ్చు. ఇంకో మండపంలో పెద్ద వాల్ ఉండొచ్చు. అలాంటప్పుడు పెద్ద కొలతతో మొదలుపెట్టడం ముందుచూపే. ఆ ముందుచూపుకు చెల్లించే ధర ప్రివ్యూ సెకన్లలో ఎంతో తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

హాఫ్ రిజల్యూషన్‌లో పని: రెండు వాదనలు, మధ్యలో తెలుగు అక్షరం

ప్రివ్యూను హాఫ్‌లో పెడితే అడ్డం సగం, నిలువు సగం అవుతాయి కాబట్టి పిక్సెళ్లు నాలుగో వంతు. 38 సెకన్ల ప్రివ్యూ రెండున్నర నిమిషాలవుతుంది. ఫ్రేములు తయారయ్యే పని కూడా చాలా ఎఫెక్టుల్లో బాగా తగ్గుతుంది. క్వార్టర్‌లో పెడితే పదహారో వంతు. ఫైనల్ ఎక్స్‌పోర్ట్ ఫుల్‌లో పెట్టుకున్నంత కాలం దానికి దీనితో పోయేదేమీ లేదు.

కదలికను చూడటానికి హాఫ్ చాలని అనుభవమున్నవాళ్లలో చాలామంది అంటారు. అక్షరం ఎప్పుడు వచ్చింది, ఎంత మెత్తగా ఆగింది, పాట దరువుకు పడిందా లేదా అన్నది మసక బొమ్మలో కూడా తెలుస్తుంది. ఫుల్‌లోనే చేయాలనేవాళ్లూ ఉన్నారు. సన్నటి గీతలు, గ్లో, గింజలు గింజలుగా వచ్చే లోపాలు హాఫ్‌లో కనబడవని, చివర్లో బయటపడితే మళ్లీ మొదటికొస్తుందని వాళ్ల వాదన.

తెలుగులో పనిచేసేవాళ్లకు రెండోవాళ్ల మాటలో అదనపు బరువుంది. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. శుభలేఖలో చిన్న అక్షరాలతో ఇంటిపేర్లు, మండపం చిరునామా ఉంటాయి. హాఫ్‌లో ఆ చుక్క పక్క గీతలో కలిసిపోతుంది, క్వార్టర్‌లో ఒత్తు కూడా గుర్తుపట్టలేం. 'రాధ' అని ఉందో 'రాద' అని ఉందో తెర మీద తెలియక, ఎక్స్‌పోర్ట్ అయిన వీడియో బంధువుల గ్రూపుల్లోకి వెళ్లాక తెలిస్తే ఆ ఇంటివాళ్లకు ఎంత బాధ. అందుకని కదలిక హాఫ్‌లో చూసినా, అక్షరాలు నిలబడిన ఒక్కో ఫ్రేమును ఆపి ఫుల్‌లో పెట్టి, నూరు శాతం జూమ్‌లో చదివితేనే నమ్మకం. ఒక్క ఫ్రేముకు ర్యామ్ సమస్య రాదు.

మధ్య ఫ్రేములు వదిలేసే స్కిప్ కూడా ప్రివ్యూ ప్యానెల్‌లోనే ఉంది. ఒకటి స్కిప్ చేస్తే ఫ్రేములు సగమే కావాలి. నెమ్మదిగా సాగే బ్యాక్‌గ్రౌండ్‌కు బాగానే ఉంటుంది, వేగంగా దూసుకొచ్చే అక్షరాలకు మాత్రం అది చూపించేది నిజం కాదు.

ర్యామ్ ముందా, డిస్క్ ముందా

అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు కనీసం 16 జీబీ ర్యామ్ ఉండాలంటుంది, 32 ఉంటే మంచిదంటుంది. 8 జీబీ ల్యాప్‌టాప్ మీద నేర్చుకుంటున్నవాళ్లు ఈ వైపు చాలామందే ఉన్నారు. వాళ్లకు ర్యామ్ పెంచుకోవడం నిజంగా తేడా చూపిస్తుంది, అందులో వాదనే లేదు. వాదనంతా 16 దాటాకే. పొట్టి ప్రివ్యూతో బాధపడేవాళ్లకు 32 ఉపయోగం. కొత్త వెర్షన్ వాడుతూ ఇంకా తిరిగే హార్డ్ డిస్క్ మీదే ఉన్నవాళ్లకు అదే డబ్బుతో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఎక్కువ మేలు చేయవచ్చు. నెమ్మది ప్రివ్యూతో బాధపడేవాళ్లకు ఈ రెండిటివల్లా పెద్దగా ఒరిగేదేమీ లేదు, వాళ్లు చూడాల్సింది ప్రాసెసర్ వైపు, అంతకన్నా ముందు తమ ప్రాజెక్టులోని బరువైన ఎఫెక్టుల వైపు.

ఏమీ కొనకుండా దొరికే చోటు కూడా ఉంటుంది. మెమరీ సెట్టింగుల్లో ఇతర ప్రోగ్రాములకు ఎంత ర్యామ్ వదలాలో చెప్పే అంకె ఉంటుంది. దాన్ని మరీ తగ్గిస్తే విండోస్‌కే ఊపిరాడక మొత్తం సిస్టమ్ మొరాయిస్తుంది, అందుకే ఆ అంకెతో ఆటలాడే బదులు క్రోమ్, ఫొటోషాప్ మూసేయడం మంచిదని నేనంటాను.

ప్రివ్యూ ఆగినంత మాత్రాన ఎక్స్‌పోర్ట్ ఆగదు

కొత్తవాళ్ల భయాల్లో పెద్దది ఇదే. ప్రివ్యూ తొమ్మిది సెకన్లకు ఆగిపోతే ఫైనల్ వీడియో కూడా తొమ్మిది సెకన్లే వస్తుందేమోనని. రాదు. ఎక్స్‌పోర్ట్‌లో ఫ్రేము తయారవుతుంది, కుదించబడి ఫైల్‌లోకి వెళ్తుంది, తర్వాతిది మొదలవుతుంది. అన్ని ఫ్రేముల్నీ ఒకేసారి ర్యామ్‌లో పట్టి ఉంచాల్సిన అవసరం లేదు. అరగంట వీడియో అయినా అదే ర్యామ్‌లో బయటికొస్తుంది, కాకపోతే సమయం పడుతుంది. నిడివి తగ్గితే వర్క్ ఏరియా హద్దులు చూసుకోవాలి, ఎందుకంటే ఎక్స్‌పోర్ట్ చేసే రెండర్ క్యూ మామూలుగా ఆ పట్టీ ఉన్నంత మేరకే రెండర్ చేస్తుంది.

ఈ తేడా తెలిసినవాళ్లు ప్రివ్యూ చాలని చోట దాన్నే దారిగా వాడుకుంటారు. మొత్తం టైటిల్‌ను హాఫ్ రిజల్యూషన్‌లో చిన్న ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేసి, వీఎల్‌సీలో మొదటి నుంచి చివరిదాకా చూస్తారు. అది కుదించిన వీడియో కాబట్టి 4 జీబీ ర్యామ్ ఉన్న పాత సిస్టమ్ మీద కూడా సాఫీగా ఆడుతుంది. పెళ్లివాళ్లకు వాట్సాప్‌లో పంపి, పేర్లూ ముహూర్తమూ సరిచూసుకోమని అడగడానికి కూడా ఇలాంటి ఎంపీ4 పనికొస్తుంది. అయితే వాళ్లకు పంపేదాన్ని మాత్రం ఫుల్ రిజల్యూషన్‌లో తీయాలి, వీడియోగా పంపితే వాట్సాప్ ఎలాగూ ఇంకోసారి కుదిస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా జత చేస్తే అక్షరాలు చెదరకుండా చేరతాయి.